కొలతల బుక్కులో నూరు నవలలు

జహంగీర్ చాచా కన్నుమూశాడు. ఆ వార్త నాకు మహబూబ్‌నగర్‌లో, బడులు తెరిచిన వారంలో అందింది. గ్రంథాలయం తలుపులు తీసి దినపత్రికలు బల్లమీద సర్దుతున్నాను. పక్క ఆఫీసుకు నా పేర ఫోను వచ్చిందంటే వెళ్ళాను. ఆయన బిడ్డ షాహీన్ గొంతు. "వసంతక్కా, అబ్బాజాన్ పోయిండు. మిషిన్ మీద కూసున్నోడు కూసున్నట్టే పోయిండు," అంది. నేనేమన్నానో గుర్తులేదు. ఫోను పెట్టేశాక మాత్రం ఏడుపు కంటే ముందు నా చేతిసంచి గుర్తొచ్చింది. ఆయనకు ఇవ్వవలసిన కాగితాల కట్ట ఒకటి నాలుగేళ్ళుగా అందులో మోస్తున్నాను. ఇవ్వడానికి ధైర్యం చాలక, వచ్చేసారి ఇద్దాం, వచ్చేసారి ఇద్దాం అనుకుంటూ ఉండిపోయాను. ఇక వచ్చేసారి లేదు.

ఆయనను ఎరిగినవారు మోత్కూరు చుట్టుపక్కల పది ఊళ్ళలో ఉన్నారు. కాని వాళ్ళంతా ఎరిగింది దర్జీ జహంగీర్‌ను. అక్కడి శాఖా గ్రంథాలయానికి ఎదురుగా, రేకుల కప్పు కింద ఒక కుట్టుమిషను, ఒక కత్తెర, గోడకు వేలాడే అంగీలు, లాగులు. జాకెట్టు మెడ ఆయన కత్తిరిస్తే పెళ్ళినాటి జాకెట్టు బిడ్డ బారసాలకూ నప్పుతుందని ఆడవాళ్ళు చెప్పుకునేవారు. ఆ కీర్తి ఆయనకు చాలు. అయినా నేనెరిగిన ఇంకో జహంగీర్ గురించి నాలుగు మాటలు రాయాలి. ఎందుకంటే పదమూడేళ్ళలో తొంభై పైచిలుకు ఉత్కృష్ట నవలలను, మన భాషవీ, మన భాషలోకి వచ్చిన వంగ, రష్యా, ఫ్రెంచి, హిందీ, ఉర్దూ నవలలనూ, ఒక క్రమంలో, ఒక్కటీ దాటవేయకుండా చదివిన పాఠకుణ్ణి నా ఉద్యోగజీవితంలో మరొకరిని చూడలేదు. చూస్తానన్న ఆశ కూడా లేదు.

ఎనభై మూడులో నేను ఆ గ్రంథాలయానికి వచ్చాను. ఇరవై నాలుగేళ్ళు. కొత్త ఉద్యోగం, కొత్త పొగరు. పల్లెను ఉద్ధరించడానికే నన్ను పంపారనుకున్నాను. ఒక డ్రాయింగు షీటు తెచ్చి "తప్పక చదవవలసిన నూరు నవలలు" అని ఎర్రసిరాతో శీర్షిక పెట్టి, నంబర్లు వేసి, గుమ్మం పక్కన గోడకు అంటించాను. మా చదువరులు పేపరు కోసం వచ్చేవారు, ఫ్యాను కోసం వచ్చేవారు, బస్సు వచ్చేదాకా కూర్చోవడానికి వచ్చేవారు. ఆ షీటు ముందు మొదట ఆగిన మనిషి అది ఓటర్ల లిస్టా అని అడిగి, తన పేరు లేదని అలిగి పోయాడు. నెల గడిచినా ఎవరూ ఒక్క నంబరు అడగలేదు.

కిటికీ తెరలు కుట్టి తెచ్చిన రోజున చాచా ఆ షీటు ముందు నిలబడ్డాడు. ఆయన నిజాం జమానాలో ఉర్దూ మీడియంలో నాలుగో తరగతి దాకా చదివినవాడు. తెలుగు అక్షరాలు బడిలో రాలేదు. గోడలమీది ఎలక్షను రాతలు, సినిమా పోస్టర్లు చూసి కూడబలుక్కొని నేర్చుకున్నవే. వేలు పెట్టి ఒక్కొక్క పేరూ చదువుతూ ఒకటి నుంచి నూరు దాకా వచ్చేసరికి అరగంట పట్టింది. అప్పుడు నావైపు తిరిగి, "గివన్ని నువ్వు సదివినవా బిడ్డ?" అని అడిగాడు. చదివాను చాచా అన్నాను. నేను చదివినవి ఇరవై రెండు. మిగిలినవి ట్రెయినింగులో ఇచ్చిన చిట్టాలో చూసి ఎత్తిరాసినవి. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"అయితే ఒకటో నంబరు ఇయ్యి," అన్నాడు. అంతే, అలా మొదలైంది.

నాలుగో నంబరు దగ్గర నేను దొరికిపోయాను. అది పాత ముద్రణ. అంచులు కత్తిరించకుండా, పేజీలు మడతలు మడతలుగా అంటుకొని ఉండే రకం. ఆ నవల నాకెంత ఇష్టమో, అందులో వాన కురిసే ఘట్టం ఎంత గొప్పదో చెప్పి మరీ చేతికిచ్చాను. మర్నాడు ఆయన కత్తెర పట్టుకొని వచ్చాడు. నా బల్లముందు కూర్చొని మడత మడతనూ కోయడం మొదలుపెట్టాడు. నలభై పేజీలు కోశాడు. తరువాత తల ఎత్తకుండానే, "వాన ఏ పేజీల వస్తది బిడ్డ? గక్కడిదాక జాగ్రత్తగ కోస్త," అన్నాడు. కోయని పేజీలను నేను చదివి ఉండనని ఆయనకు తెలిసిపోయింది. ఆయన ఇంకేమీ అడగలేదు, ఎవరితోనూ అనలేదు. ఆ రాత్రి నుంచి నాకు చదువు పట్టుకుంది. ఆయన ఐదులో ఉంటే నేను ఆరు పూర్తి చేయాలి. ఆయన తొమ్మిదికి వస్తే నేను పది ముగించాలి. ఊరిని చదివించడానికి వచ్చినదాన్ని ఊరి దర్జీ చదివించాడని మా సహోద్యోగులకు చెబితే నమ్మరు.

ఆయన చదువుకు ఒక పద్ధతి ఉండేది. దుకాణంలో కొలతల బుక్కు అని పొడుగాటి నోటుబుక్కు ఉంటుంది. అందులో ఒకవైపు నుంచి గిరాకీల కొలతలు, రెండోవైపు నుంచి నవలల కొలతలు. రెండూ ఉర్దూలోనే రాసేవాడు. నాకు ఉర్దూ రాదు. నవల తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం ఆ కొలతలు తెలుగులో చదివి వినిపించేవాడు. పొడవు ఇన్ని పేజీలు. నడుము లూజు. భుజాలు బాగా కూర్చున్నాయి. మెడ బిగువు, మొదటి యాభై పేజీలు ఊపిరాడదు. రష్యా నుంచి వచ్చిన ఒక మహానవలను ఆరు నెలలు చదివి, "బట్ట మస్తు తీసుకున్నడు బిడ్డ. ముగ్గురికి అంగీలైతుండె. గని ఒక్క ముక్క వేస్టు చెయ్యలే," అని తీర్పు చెప్పాడు. ఆ నవల మీద పెద్ద పెద్ద వ్యాసాలు చదివాను. అంతకంటే సరైన మాట నాకు కనపడలేదు.

పుస్తకంలో గుర్తుకు ఆయన కాగితం పెట్టేవాడు కాదు. ఆరోజు ఏది కుడుతున్నాడో ఆ బట్ట పీలిక పెట్టేవాడు. నవల ముగిశాక పీలికను అందులోనే వదిలేసేవాడు. పుస్తకాల్లో చెత్త ఉంచకూడదని నేను మొదట్లో మందలించాను. "చెత్త కాదు బిడ్డ, ఎవలన్న తీస్తే ఇంతకుముందు ఒకడు సదివిండని తెలుస్తది," అన్నాడు. గ్రంథాలయ శాస్త్రంలో దీనికి నియమం లేదు కాబట్టి నేను ఊరుకున్నాను. ఇప్పుడు మా ఊరి అల్మారాలో పెద్ద పెద్ద నవలలు తీస్తే పూల వాయిలు, తెల్ల మల్లు, ఖాకీ, సర్పంచి గారి టెరికాటన్, ఎవరో పెళ్ళికూతురి ఎర్ర పట్టు రాలి పడతాయి.

చదువు వల్ల ఆయన పనికి చెరుపు జరగలేదని చెప్పలేను. ఇరవై రెండో నంబరు నడుస్తుండగా ఒక పటేలు అంగీకి రెండు ఎడమ చేతులే కుట్టాడు. పటేలు తొడుక్కొని చూసి, గంగవెర్రులెత్తి దుకాణం మీదికి వచ్చాడు. చాచా నింపాదిగా చేతిని విప్పుతూ, నవలలో ఒక తల్లి చేసిన పని గురించి పటేలుకు చెప్పడం మొదలుపెట్టాడు. కుడిచెయ్యి సరిగా అతికేసరికి పటేలు స్టూలు మీద కూర్చొని, తరువాత ఏమైందని అడుగుతున్నాడు. ఆయన చెప్పలేదు. ఎదురుగా లైబ్రరీ ఉంది, పోయి చదువుకోమన్నాడు. పటేలు వచ్చి కార్డు తీసుకున్నాడు కూడా. ఒక్క పుస్తకమూ చదవలేదనేది వేరే సంగతి.

జాబితాకు ఆయన పెట్టుకున్న నియమం ఒక్కటే. ఆఖరి పేజీ ఆఖరి మాట చదవనిదే కొలతల బుక్కులో టిక్కు పెట్టడు. చదవడానికి కష్టంగా ఉన్నచోట ఓ పది పేజీలు దాటేస్తే ఏమవుతుందని ఒకసారి అడిగాను. "బొత్తాలు కుట్టని అంగీ గిరాకీకి ఇస్తనా?" అన్నాడు. ఆ నియమమే ముప్పై ఏడో నంబరు దగ్గర నా ప్రాణం తీసింది.

ముప్పై ఏడు అనువాద నవల. నదీతీరపు ఊరిలో ఇద్దరు అన్నదమ్ముల కథ. ఒక మాట మీద విడిపోయి, వీపుకు వీపు ఆనించినట్టున్న రెండిళ్ళలో ఇరవై ఏళ్ళు మాట్లాడకుండా బతుకుతారు. చివర అన్నకు జబ్బు చేస్తుంది. తమ్ముడు బండి కట్టుకొని సంతకు బయలుదేరుతాడు. ఊరి బయట దారి చీలిన చోట ఆగుతాడు. ఎడమకు సంత, కుడికి తిరిగితే అన్న మంచం వేసిన తోట. అక్కడితో మా ప్రతి ఆఖరు. చివరి పదహారు పేజీలు లేవు. కుట్టు ఊడి ఎప్పుడో ఎక్కడో రాలిపోయాయి. నేను ఆ నవల హడావుడిగా చదివి, చివర తెగిపోయిందని గమనించి, ఆయన పట్టించుకోడులే అనుకొని ఇచ్చాను. అది ఇవ్వకుండా ఉండాల్సిందని నాకు ఆ తరువాత తెలిసింది.

ఎందుకంటే చాచాకు ఒక అన్న ఉన్నాడు. ఇమామ్. మేళ్లచెరువు దిక్కు సున్నపురాయి గనుల్లో రాయి కొట్టి, అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. వాళ్ళ తల్లి ఆ ఇంట్లో పోయింది. కబురు ఒక బస్సు డ్రైవరు చేతికి ఇచ్చారు. ఆ డ్రైవరు మరో డ్రైవరుకు చెప్పాడు. చాచా చేరేసరికి మట్టి అయిపోయింది. కన్నతల్లి గోరీలో మూడు పిడికెళ్ళ మట్టి వేసే హక్కు కొడుకుది. అది తనకు దక్కనివ్వలేదని ఆయన కోపం. ఎండాకాలం, రెండు పూటలు ఉంచాను, ఇంకెంతసేపు ఉంచనని ఇమామ్ బాధ. గోరీ దగ్గర నిలబడి ఇద్దరూ అనరాని మాటలు అనుకున్నారు. ఆనాటి నుంచి పదకొండేళ్ళు రాకపోకలు లేవు. ఇదంతా నాకు ఆయన చెప్పలేదు, ఊరు చెప్పింది. ఆయన నన్ను అడిగింది ఒక్కటే: ఆ తమ్ముడు ఏ దిక్కు పోయిండు?

నల్లగొండకు రాశాను. హైదరాబాదుకు రాశాను. ముద్రించినవారికి రాశాను, ఆ చిరునామాలో ఎవరూ లేరని కార్డు తిరిగొచ్చింది. చాచా ప్రతి అంగడి రోజూ దుకాణం దిగివచ్చి, "పేజీలు దొరికినయా?" అనేవాడు. ముప్పై ఎనిమిది చదివాడు, ముప్పై తొమ్మిది చదివాడు, నలభై చదివాడు. ముప్పై ఏడుకు మాత్రం టిక్కు పెట్టలేదు. ఐదు నెలలు అలా గడిచాయి. ఒకరోజు ఆయన అడగకుండా ఊరికే వచ్చి నిలబడ్డాడు. ఆ నిలబడటం నాకు అడగడం కంటే కష్టమైంది.

అప్పుడు చెప్పాను. పుస్తకం దొరకలేదు గాని హైదరాబాదులో చదివినావిడ ఒకరు ఉత్తరం రాశారని, తమ్ముడు బండి కుడికి తిప్పాడని. తోటలో అన్న మంచం పక్కన నిలబడ్డాడని. చాచా కొలతల బుక్కు తెచ్చి నా ఎదురుగానే కూర్చున్నాడు. పెన్సిలు చెవిమీది నుంచి తీశాడు.

"అన్న మొదలు ఏమన్నడు?" అని అడిగాడు.

దానికి నేను సిద్ధంగా లేను. మా నాయిన నాతో ఎప్పుడూ మొదట అనే మాట నోటికొచ్చింది. "తిన్నవా అన్నడంట చాచా," అన్నాను.

ఆయన నన్ను కాసేపు చూశాడు. తరువాత బుక్కులోకి వంగి, కుడి నుంచి ఎడమకు, నెమ్మదిగా ఒక రెండు వరుసలు రాశాడు. మంచిగున్నది బిడ్డ అని లేచి వెళ్ళాడు. నాకు గండం గడిచిందనిపించింది. టిక్కు పెట్టాడా లేదా అని చూడాలన్న ధ్యాస కూడా రాలేదు.

నాలుగు రోజులకు దుకాణం మూసి ఉంది. మేళ్లచెరువు పోయాడన్నారు. నేను అల్లిన కథను నమ్ముకొని మనిషి ప్రయాణం కట్టాడు. అక్కడ అన్న తలుపు వేసుకుంటే? తిన్నవా అనకుండా పొమ్మంటే? మూడు రోజులు నేను పేపర్లు సర్దాను, రిజిస్టరు రాశాను, ఏమీ తెలిసి చేయలేదు.

నాలుగో రోజున దుకాణం తెరిచాడు. నేనే రోడ్డు దాటి వెళ్ళాను. ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ, "నీ బుక్కుల లెక్క అనలే బిడ్డ," అన్నాడు. అన్న తలుపు తీసి, పైనుంచి కిందిదాకా చూసి అన్నాడట: "దర్జీవై ఉండి నీ అంగీకే బొత్తం లేకపాయె." అది చెబుతూ చాచా నవ్వాడు. తరువాత నవ్వు ఆపి, అన్న తనను తల్లి గోరీ దగ్గరికి తీసుకుపోయాడని, తనకోసం ఆనాడే ఒక గుప్పెడు మట్టి తీసి గుడ్డలో కట్టి దాచాడని, పదకొండేళ్ళుగా అది దూలానికి వేలాడుతూనే ఉందని చెప్పాడు. చాచా ఆ మట్టి వేసి వచ్చాడు. నేను ఏడ్చాను. ఆయన ఎదురుగా కాదు, గ్రంథాలయానికి తిరిగివచ్చి, అల్మారాల వెనక.

ఆ సంతోషానికి అడుగున ఒక ముల్లు ఉండేది. కలిపింది అబద్ధం. అది తెలిస్తే ఏమవుతుంది? తొంభై ఒకటిలో నాకు మహబూబ్‌నగర్ బదిలీ అయింది. మరుసటి ఏడు, ఎవరో దానం చేసిన పుస్తకాల మూటలో ముప్పై ఏడో నంబరు దొరికింది. అదే ముద్రణ, చెక్కుచెదరని ప్రతి. నిలబడే చివరి పదహారు పేజీలు చదివాను. తమ్ముడు బండి ఎడమకు తిప్పాడు. సంతకు పోయాడు. ఎడ్లను బేరం చేశాడు. సాయంత్రం తిరిగొస్తుంటే చీలిక దగ్గరే చావు డప్పు వినిపించింది. అది గొప్ప ముగింపు. నేను చెప్పినది దాని ముందు పిల్లల కథ. ఆ పదహారు పేజీలనూ నా చేత్తో ఎత్తిరాసి సంచిలో పెట్టుకున్నాను. ఆఖరి పేజీ చదవడం ఆయన హక్కు. ఆ హక్కు ఎట్లాంటిదో, అది దక్కకపోతే ఆయన ఎంత బాధపడతాడో ఊరందరి కంటే నాకే బాగా తెలుసు. అయినా ఇవ్వలేకపోయాను.

సెలవులకు మోత్కూరు వెళ్ళినప్పుడల్లా దుకాణంలో కూర్చునేదాన్ని. ఆయన నన్ను దాటిపోయాడు. నేను ఎనభై ఒకటి దగ్గర ఆగిపోయాను. ఉద్యోగం, సంసారం అని సాకులు చెప్పేదాన్ని. ఆయన ఎనభై నాలుగులో ఉండగా కంట్లో పొర వచ్చింది. నల్లగొండ దవాఖానలో ఆపరేషన్ చేశారు. కళ్ళకు కట్టు ఉన్నన్నాళ్ళూ షాహీన్ చదివి వినిపించింది. ఆ అమ్మాయికి తండ్రి ఉర్దూ నేర్పాడు, బడి తెలుగు నేర్పింది. బిడ్డ ఎక్కడైనా ఒక పేరా మింగేస్తే, "బట్ట జారింది, మళ్ళ పట్టు," అనేవాడట. కట్టు విప్పాక విన్నవాటిని మళ్ళీ కళ్ళతో చదివి గాని టిక్కులు పెట్టలేదు. విన్నది చాలదా చాచా అని నేను అడిగితే, "వేరేటోళ్ళు తీసిన కొలత మీద నేను కత్తెర పెట్ట," అన్నాడు. ఆ మాట నాకోసమే అన్నాడా అని ఆరోజంతా ఆలోచించాను. సంచిలోని కాగితాలు సంచిలోనే మహబూబ్‌నగర్ తిరిగొచ్చాయి.

షాహీన్ ఫోను పెట్టేసిన గంటలో బస్సెక్కాను. దేవరకొండ మీదుగా నల్లగొండ, అక్కడి నుంచి మోత్కూరు. చేరేసరికి పొద్దు వాలింది. నేను వచ్చేలోపు అంతా అయిపోయి ఉంటుందనుకున్నాను. కాలేదు. రేకుల దుకాణం ముందు మనుషులు కూర్చొని ఉన్నారు. అన్న కోసం ఆపారు. "పెదనాయన వచ్చేదాక ఎత్తొద్దని అబ్బాజాన్ ఎప్పుడో చెప్పి పెట్టిండక్కా," అంది షాహీన్. పెద్దలు ఎండను చూసి, ఆలస్యం చూసి గొణిగారట. ఆ అమ్మాయి గుమ్మంలో కూర్చొని కదలలేదట. చీకటి పడుతుండగా సిమెంటు లారీ ఒకటి ఆగి, డెబ్బై ఏళ్ళు దాటిన ఇమామ్ దిగాడు. ఒళ్ళంతా తెల్లటి దుమ్ము. నేరుగా లోపలికి వెళ్ళి తమ్ముడి పక్కన కూర్చున్నాడు. ఖబరస్తాన్‌కు ఆడవాళ్ళం పోలేదు. ఆయన మూడు పిడికెళ్ళూ వేసి వచ్చాడని మాత్రం తెలిసింది.

మిషను పక్కన స్టూలు మీద తొంభై మూడో నంబరు ఉంది. నూట పద్నాలుగో పేజీలో నీలిరంగు పీలిక. బడిపిల్లల యూనిఫారం బట్ట. అది ఆ వారమంతా ఊరికి పట్టే రంగు.

నలభయ్యో రోజు ఫాతేహా ప్రార్థనకు మళ్ళీ వెళ్ళాను. భోజనాలయ్యాక షాహీన్ కొలతల బుక్కు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. తండ్రి గురించి రాస్తానన్నాను కదా, అందులో ఏముందో చదివి వినిపిస్తానంది. ఇమామ్ గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టింది. పొడవు, నడుము, భుజాలు, మెడ. ప్రతి నవలకూ చివర ఒక టిక్కు. ఉర్దూ రాకపోయినా టిక్కులు నాకూ కనిపిస్తున్నాయి. ముప్పై ఆరుకు ఉంది. ముప్పై ఎనిమిదికి ఉంది. ముప్పై ఏడుకు లేదు.

అందులో ఏముందని అడిగాను. షాహీన్ వేలు పెట్టి చదివి తెలుగులో చెప్పింది: "'బుక్కు పూరా కాలే. ఆఖరుకు వసంత బిడ్డ అతుకేసింది. బట్ట వేరేది. కుట్టు మాత్రం గట్టిగున్నది.' గింతే ఉన్నదక్కా."

నా ఎదురుగా కూర్చొని రాసిన రెండు వరుసలు అవే. తొమ్మిదేళ్ళు ఆ బుక్కు నా కళ్ళముందే తెరుచుకొని ఉంది. కోయని పేజీలను చూసి నన్ను పట్టుకున్న మనిషికి అతుకు తెలియదని నేనెట్లా అనుకున్నాను? తెలిసీ నన్ను ఒక్క మాట అనలేదు. తెలిసీ నియమం తప్పి టిక్కు పెట్టలేదు. తెలిసే మేళ్లచెరువు బస్సెక్కాడు. ఇన్నేళ్ళు నేను మోసింది నా భయాన్నే గాని ఆయన కోపాన్ని కాదు.

ఇమామ్ అప్పుడు మాట్లాడాడు. తమ్ముడు వచ్చిననాడు చెప్పాడట, ఒక బుక్కు చదివి వచ్చిన అని. తనకు చదువు రాదు. "గా బుక్కు ఆఖర్ల నిజంగ ఏమున్నది బిడ్డా?" అని అడిగాడు.

మళ్ళీ అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు. సంచిలోంచి కాగితాల కట్ట తీసి, పదహారు పేజీలూ చదివాను. ఎడమ దారి, సంత, ఎడ్ల బేరం, చీలిక, డప్పు. కాగితాలు మడిచేసరికి ముసలాయన నా ముఖంలోకి కాక తమ్ముడి మిషను వైపు చూస్తున్నాడు.

"గా బుక్కుల ఆయన పోలే," అన్నాడు. "మావోడు వచ్చిండు."

షాహీన్ ఆ కాగితాలను మా ఊరి ప్రతిలో చివర పెట్టి దారంతో కుట్టింది. లోపల ఉన్న పాత పీలికను తీయలేదు. ముప్పై ఏడుకు టిక్కు నేను పెట్టనా అని అడిగింది. వద్దన్నాను. చదివినవాడు పెట్టాల్సిన టిక్కు అది. ఆయన చదవలేదు.

చాచా, నీకు చేయవలసిన నమస్కారం ఎట్లా చేయాలో నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే ఉంది. ఎనభై రెండో నంబరు తీశాను. ఆరువందల పేజీలు, మెడ దగ్గర బిగువుగా ఉంది. వెనక నుంచి తరిమే మనిషి లేడు. నిన్న రెండు పేజీలు దాటేసి, మళ్ళీ వెనక్కి వచ్చి చదివాను.